నాన్న నోటుబుక్కులో ఉన్నవి కవితలేనా?

1971 పాకిస్తాన్ యుద్ధంలో నాన్న తూర్పు సరిహద్దులో, సైన్యానికి సమాచార సంబంధాలు చూసే సిగ్నల్స్ విభాగంలో ఉన్నారు. పోయిన నెల తిరుమలగిరి ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టె అడుగున నోటుబుక్కు దొరికింది. పెన్సిల్ రాత, సగం చెరిగిపోయింది. వైరు చుట్ట ఒరుసుకుపోయిన భుజం, ఆరని సాక్సులు, ఇంటినుంచి రాని ఉత్తరం. ఒకచోట 'అవతలవాడి జేబులోనూ ఉత్తరమే ఉంది' అని రాశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యుద్ధం జరిగిన డిసెంబర్ 3 నుంచి 16 దాకా అన్నీ ఖాళీ పేజీలే. 17న ఒక్క ముక్క: 'ఈరోజు వేడన్నం'. ఛందస్సు లేదు, ప్రాస లేదు. అచ్చు వేయించనా?

జవాబు 1: వేయించమ్మా, కవిత్వమే అది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఇంగ్లిష్ కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ రాసిందీ బురద, విషవాయువు, దగ్గు గురించే. 25 ఏళ్లకే, 1918 నవంబర్ 4న చనిపోయాడు. యుద్ధం ఆగిన 11వ తేదీనే ఆ కబురు ఇంటికి చేరింది. కవితలు పుస్తకంగా వచ్చింది 1920లో.

జవాబు 2: ముందు ఫొటోలు తీయండి. వెలుతురు పక్కనుంచి పడితే చెరిగిన పెన్సిల్ గీత తెలుస్తుంది. చిరుగులకు సెల్లోటేపు వద్దు. అక్షరదోషాలు దిద్దకండి, ఖాళీ పేజీలు కూడా అలాగే వేయించండి.

అడిగినవారు: చాలా థాంక్సండీ. నిన్న అమ్మకి చదివి వినిపించాను. వేడన్నం దగ్గర ఆపమంది. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.