తప్పు మనది కాని ప్రమాదం తర్వాత కారు బీమా రెన్యువల్ ఎందుకు భారమవుతుంది?

ప్రశ్న: ప్రయాణి

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న నా కారును వెనుక నుంచి వచ్చిన వాహనం ఢీకొట్టింది. బంపర్ విరిగింది, సొట్టపడిన డిక్కీ తలుపు మూసుకోవడం మానేసింది. తప్పు తనదేనని ఎదుటి డ్రైవరు అక్కడే ఒప్పుకున్నారు, ఆయన బీమా కంపెనీ కూడా తర్వాత రాతపూర్వకంగా అంగీకరించింది. మరమ్మతు త్వరగా పూర్తవుతుందన్న ఉద్దేశంతో నేను ముందుగా నా కంపెనీలోనే క్లెయిమ్ చేశాను. ఇప్పుడు వచ్చిన రెన్యువల్ నోటీసులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, తక్కువ చేసి చూపారు. దానికి తోడు, బోనస్ తీసివేయక ముందు ఉండే మూల ప్రీమియం కూడా నిరుటికన్నా పెరిగింది. ఫోన్ చేసి అడిగితే, క్లెయిమ్ ఇంకా ముగియలేదని మాత్రమే చెబుతున్నారు. నియమాలు దేశాన్ని బట్టి మారతాయని తెలుసు. అయినా, తప్పు నాది కాదని అందరూ ఒప్పుకున్నాక ఈ భారం నా మీద ఏ లెక్కన పడుతోందో, దాన్ని సరిచేయించుకునే మార్గం ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: క్లెయిముల విభాగంలో పనిచేసిన వ్యక్తి

ప్రయాణి గారూ, మీ నోటీసులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి కనిపిస్తున్నాయి. బోనస్ తగ్గడం ఒకటి, మూల ప్రీమియం పెరగడం మరొకటి. వీటికి కారణాలు వేరు కాబట్టి పరిష్కారాలూ వేరు. నాకు బాగా తెలిసిన బోనస్ గురించి మాత్రమే రాస్తాను.

తప్పు ఎవరిదన్న ప్రశ్నకన్నా, చెల్లించిన సొమ్ము తిరిగి వచ్చిందా లేదా అన్న ప్రశ్నే బోనస్‌ను నిర్ణయిస్తుంది. మీ కంపెనీ గ్యారేజీకి డబ్బు కట్టిన తర్వాత, ఆ మొత్తాన్ని ఎదుటి కంపెనీ నుంచి వసూలు చేసుకోవాలి. మీ ఫైలులో చెల్లించిన మొత్తం, వసూలైన మొత్తం, ఇంకా ఖర్చు కావచ్చని పక్కన పెట్టిన మొత్తం విడివిడిగా నమోదై ఉంటాయి. ఎదుటి కంపెనీ బాధ్యతను ఒప్పుకున్నా, కూలి రేటు ఎక్కువ వేశారనో, మరమ్మతు పూర్తయ్యే వరకు ఇచ్చిన అద్దె కారును అవసరానికి మించిన రోజులు ఉంచుకున్నారనో అభ్యంతరం చెబితే, ఆ వాదన తేలేవరకు ఫైలు తెరిచే ఉంటుంది. రెన్యువల్ నోటీసు తయారయ్యే రోజున ఫైలు తెరిచి ఉంటే, తప్పు ఎవరిదైనా ఆ క్లెయిమ్ మీ ఖాతాలోనే కనిపిస్తుంది. బ్రిటన్‌లో ఇది సర్వసాధారణం. అక్కడ సొమ్ము పూర్తిగా వసూలయ్యాక బోనస్‌ను పునరుద్ధరించి, మీరు అదనంగా కట్టిన తేడాను తిరిగి ఇస్తారు. చాలా సందర్భాల్లో అది మనం అడిగితేనే జరుగుతుంది, అందుకే అడగమని గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి ఫోనుతో సరిపెట్టకండి. ఎంత చెల్లించారు, ఎంత వసూలైంది, మిగిలినది ఎందుకు ఆగింది అని లిఖితపూర్వకంగా అడగండి. మరమ్మతులో మీ వాటాగా మీరు కట్టిన డిడక్టిబుల్‌ను కూడా ఎదుటి పక్షం నుంచి రాబట్టవచ్చు. కొన్ని కంపెనీలు తమ సొమ్ముతో పాటు దాన్నీ అడుగుతాయి, కొన్ని ఆ పనిని మీకే వదిలేస్తాయి. మీ కంపెనీ ఏ పద్ధతి పాటిస్తుందో అదే ఉత్తరంలో అడగండి.

సమాధానం: ప్రీమియం లెక్కలు తెలిసిన పాఠకుడు

మూల ప్రీమియం సంగతి నేను చెబుతాను. సొమ్ము పూర్తిగా వసూలై, బోనస్ చెక్కుచెదరకుండా ఉన్నా ఇది పెరగవచ్చు. విడిభాగాల ధరలు, మరమ్మతు ఖర్చులు పెరిగితే ప్రమాదమే జరగని వారికీ పెరుగుతుంది. అది కాక, ఒకసారి తప్పు లేకుండా ప్రమాదంలో చిక్కుకున్నవారు మళ్లీ క్లెయిమ్ చేసే అవకాశం సగటున ఎక్కువని భావించే కంపెనీలు ఉన్నాయి. రద్దీ రోడ్ల మీద ఎక్కువగా తిరిగే వారు ఇతరుల పొరపాట్లకు ఎక్కువగా గురవుతారన్నది వారి తర్కం. లెక్కగా చూస్తే అందులో అర్థం ఉండవచ్చు. కానీ ఆగి ఉన్న కారును ఇంకొకరు గుద్దినందుకు దాని యజమాని చేత ఎక్కువ కట్టించడం అన్యాయమనే నా అభిప్రాయం. కాలిఫోర్నియాలో చట్టం కూడా ఇదే అంటుంది. అక్కడ ప్రమాదానికి డ్రైవరు ప్రధాన కారకుడు, అంటే కనీసం 51 శాతం బాధ్యుడు, కాకపోతే ఆ ప్రమాదాన్ని చూపి ప్రీమియం పెంచకూడదు. అమెరికాలోనే చాలా రాష్ట్రాల్లో ఇంత స్పష్టమైన రక్షణ లేదు.

అదనంగా కట్టి బోనస్‌కు రక్షణ కొనుక్కున్నవారు కూడా ఇది గమనించాలి. ఆ రక్షణ తగ్గింపు శాతాన్ని కాపాడుతుందే తప్ప, ఆ శాతాన్ని ఏ మొత్తం మీద లెక్కిస్తారో దాన్ని కాదు.

ఇతర కంపెనీల కొటేషన్లు తప్పక తీసుకోండి, ఎందుకంటే ఇలాంటి ప్రమాదాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా తూకం వేస్తుంది. అయితే గత క్లెయిముల గురించి అడిగినప్పుడు దీన్ని దాచవద్దు. బ్రిటన్‌లో సాధారణంగా ఐదేళ్ల చరిత్ర అడుగుతారు, తప్పు లేని ప్రమాదాలనూ చెప్పమంటారు. క్లెయిముల వివరాలు కంపెనీలు పంచుకునే డేటాబేస్‌లో ఉంటాయి. దాచిన సంగతి బయటపడితే తర్వాతి క్లెయిమ్ తిరస్కరణకు గురికావచ్చు. చెప్పేటప్పుడు "తప్పు ఎదుటివారిది, సొమ్ము పూర్తిగా వసూలైంది" అని, అది నిజమయ్యాక, స్పష్టంగా రాయండి.

సమాధానం: భారతదేశంలో కారు నడిపే సభ్యుడు

భారతదేశంలో ఉన్నవారు పై మాటలను యథాతథంగా అన్వయించుకోవద్దు. ఇక్కడ మన పాలసీలో ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకే జరిగిన నష్టానికి, క్లెయిమ్ చేస్తే, తప్పు ఎవరిదైనా నో క్లెయిమ్ బోనస్ సున్నాకు వస్తుంది. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, ఆ తర్వాత వరుసగా 25, 35, 45, 50 శాతం చొప్పున పెరిగే బోనస్ ఇది. మన కారు వల్ల ఇతరులకు కలిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది కాబట్టి దాని మీద మన క్లెయిమ్ ప్రభావం ఉండదు.

చాలామంది తర్వాతి ఒక్క రెన్యువల్‌నే చూసుకుంటారు. 50 శాతం బోనస్ ఉన్నవారు ఒక్క క్లెయిమ్ చేస్తే మొదటి రెన్యువల్‌లో 50 శాతం నష్టపోతారు. ఆ తర్వాత మళ్లీ క్లెయిమ్ లేకున్నా వరుసగా 30, 25, 15, 5 శాతం చొప్పున నష్టం కొనసాగుతుంది. ప్రీమియం స్థిరంగా ఉందనుకుంటే, మొత్తం మీద ఇది బోనస్‌కు ముందు ఉండే ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియానికి ఒకటింబావు రెట్లు. మరమ్మతు ఖర్చు అంతకన్నా తక్కువైతే, ఎదుటివారి నుంచి నేరుగా రాబట్టుకోవడమో, సొంతంగా భరించడమో మేలు. ఎదుటి వాహనపు బీమా కంపెనీ నుంచి నష్టపరిహారం కోరుతూ మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు ఉంది కానీ, దానికి పట్టే కాలం వల్ల చిన్న సొట్టల కోసం ఎవరూ అంత దూరం వెళ్లరు. బోనస్ రక్షణ యాడ్-ఆన్ ఉన్నవారు మాత్రం ఎన్ని క్లెయిముల వరకు అది వర్తిస్తుందో పాలసీలో చూసుకుని నిర్ణయించుకోవాలి.

ప్రయాణి

ముగ్గురికీ కృతజ్ఞతలు. వసూలు వివరాలు అడుగుతూ కంపెనీకి ఈమెయిల్ పంపాను. నా పాలసీ గడువు దగ్గర పడింది. వారి జవాబు వచ్చేవరకు రెన్యువల్ ఆపడం మంచిదా?

సమాధానం: క్లెయిముల విభాగంలో పనిచేసిన వ్యక్తి

ఆపవద్దు. ఒక్కరోజు కూడా బీమా లేకుండా కారు రోడ్డెక్కకూడదు. అడిగిన మొత్తం కట్టి రెన్యువల్ చేయించండి, లేదా పూర్తి వివరాలు చెప్పి తక్కువ అడిగిన కంపెనీకి మారండి. ఉన్న కంపెనీలోనే కొనసాగితే, సొమ్ము వసూలై ఫైలు మూసిన నాడు బోనస్ పునరుద్ధరించి తేడా తిరిగి ఇస్తామని ఇప్పుడే రాతలో తీసుకోండి. మారితే, ఫైలు మూసిన తర్వాత పాత కంపెనీ నుంచి సవరించిన బోనస్ ధ్రువపత్రం తెప్పించి కొత్త కంపెనీకి పంపి, ప్రీమియం మళ్లీ లెక్కించమని అడగండి.