బరువు పెరిగిన మనిషిని బస్తాల పనిలో ఉంచవచ్చునా?

ప్రశ్న (ముఠా మేస్త్రి, నెల్లూరు):
రైసు మిల్లులో పద్నాలుగు మంది హమాలీల ముఠాకు నేను మేస్త్రిని. మాలో నలభై నాలుగేళ్ల ఒకతని ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. రెండు నెలలుగా నడుము పట్టేసి, కింది వరుస బస్తాకు వంగితే మోకాటి మీద చేయి ఆనించి గాని లేవలేకపోతున్నాడు. ఇదంతా లావు వల్లనేనని, కూలి సమంగా పంచుకునే చోట అతనిని ఉంచడం న్యాయం కాదని కొందరు అంటున్నారు. ఇన్నేళ్లు కలిసి మోసినవాడిని పంపేయడానికి నాకు మనసొప్పడం లేదు. నిజంగా లావే కారణమా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, ఒంగోలు):
మేస్త్రి గారూ, లావు ఒక కారణమే గాని అదొక్కటే కాదు. అతని బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక, 34కు దగ్గరగా ఉంది. మన దేశంలో 25 నుంచే ఊబకాయంగా లెక్కిస్తారు. పొట్ట ముందుకు వచ్చినప్పుడు బస్తాను ఒంటికి ఆనించుకోవడం కుదరదు, అది వెన్నుకు ఎంత దూరమైతే నడుము కండరాలు అంత గట్టిగా లాగి పట్టవలసి వస్తుంది. అమెరికాలో కార్మికుల భద్రత, ఆరోగ్యంపై పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో సవరించిన లెక్క ప్రకారం, అన్నీ అనుకూలించినప్పుడు ఎత్తదగిన బరువు 23 కిలోలు. చీలమండల నుంచి చేతుల దూరం 25 సెంటీమీటర్ల నుంచి 50కి పెరిగితే అది 11.5 కిలోలకు పడిపోతుంది. అంటే 50 కిలోల బస్తా సన్నటి మనిషికి కూడా ఆ లెక్కకు రెండింతలు మించినదే. అతనిని పంపేసినంత మాత్రాన మిగిలిన పదమూడు మంది నడుములు భద్రంగా ఉండవు.

మోకాళ్ల విషయంలో మాత్రం లావును తేలికగా తీసుకోకండి. కీళ్లు అరిగిన స్థూలకాయులపై 2005లో వెలువడిన అధ్యయనంలో, శరీర బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలిపై భారం నాలుగు కిలోల మేర తగ్గినట్లు తేలింది. కాలు బలహీనపడినా, మూత్రంపై అదుపు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

జవాబు (పాత హమాలీ, ప్రకాశం జిల్లా):
పొగాకు గోదాములలో చాలా ఏళ్లు బేళ్లు మోశాను. ఇంత కష్టపడేవాడికి లావెందుకని అతనిని అడగవద్దు, అన్నా. సీజను అయిపోయాక పని ఆగుతుంది గాని తిండి అలవాటు ఆగదు, నాకూ అలాగే పెరిగింది. మేము నేల మీద కాక మోకాలెత్తు చెక్క బల్లపై సరుకు దించుకుని, ఇద్దరం చెరో కొస పట్టి మూడో మనిషి వీపుకు ఎక్కించేవాళ్లం. వంగడం తప్పితే సగం బాధ తప్పినట్లే.

ప్రశ్న వేసినవారు:
మా దగ్గర బల్ల లేదు, బస్తాలన్నీ నేల మీదే పడతాయి. ముందు మిల్లు యజమానిని బల్ల అడుగుతాను. అది వచ్చేవరకు అతనిని కింది వరుసకు పంపకుండా, తూకం దగ్గర నిలబెడతాను. కూలిలో వాటా మాత్రం తగ్గించను.