ఉప్పు కప్పురంబు: నొక్కా, యొక్కా?

పద్యపాళెం: వేమన పద్యాలు ఎక్సెల్ షీట్లో ఎక్కిస్తున్నాం, బడిపిల్లలకు పంచడానికి. కొత్త ఫైలు తెరిచిన ప్రతిసారీ ఒత్తులు తెగి "ఉపు కపురంబు" అని కనబడుతోంది. ఇంకో సందేహం కూడా, "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడచూడ రుచుల జాడ వేరు" పద్యంలో: "కప్పురంబు నొక్క"నా, "కప్పురంబు యొక్క"నా? రెండూ విన్నట్టే ఉంది.

కోనేటిగట్టు: యొక్క కాదు సామీ. ప్రథమా విభక్తిలో ఉత్తు (పదం చివరి ఉకారం) మీద అచ్చు పడితే సంధి తప్పదు, యడాగమానికి (నడుమ యకారం రావడానికి) చోటే లేదు. పోనీ సంధి చేసి "కప్పురంబొక్క" అంటే మూడో గణం (అక్షరాల జట్టు) రెండూ గురువులై ఆటవెలది కుంటుతుంది. నొక్కే.

స్వర్ణముఖి: ఒత్తు పోయినా కుంటుతుంది లెండి, "ఉపు" రెండు లఘువులు, ఆ చోట ఉండాల్సిన సూర్యగణమే (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) కాదు! ఒత్తులు తెగేది వరుస ఎత్తు చాలకే. ఎక్సెల్లో అది మామూలుగా 15 పాయింట్లు, మొన్నటిదాకా డీఫాల్ట్ ఫాంటుగా ఉన్న కాలిబ్రి 11కు సరిపడా. దాన్ని చేత్తో బిగిస్తే అక్షరం పెరిగినా వరుస పెరగదు. ఖాళీ ఫైల్లో కంట్రోల్-ఏ కొట్టి నిర్మలా యూఐ 14 పెట్టండి. హోమ్‌లో ఫార్మాట్ కింద ఆటోఫిట్ రో హైట్ నొక్కండి. వ్యూలో గ్రిడ్‌లైన్స్ తీసేసి, జూమ్ 120 చేయండి. సేవ్ యాజ్‌లో రకం ఎక్సెల్ టెంప్లేట్, పేరు బుక్ (Book), చోటు ఎక్స్‌ఎల్‌స్టార్ట్ (XLSTART) ఫోల్డరు. కూడిక గుర్తు నొక్కితే వచ్చే షీట్లకు ఇది వర్తించదు. వాటికోసం ఒకే షీటున్న ఇంకో టెంప్లేటును షీట్ (Sheet) అనే పేరుతో అక్కడే పెట్టాలి.

పద్యపాళెం: పెట్టాను. అయినా పాతదే వస్తోంది.

స్వర్ణముఖి: మొదటి తెరమీది బ్లాంక్ వర్క్‌బుక్ నొక్కుంటారు. అది మీ టెంప్లేటును పట్టించుకోదు. కంట్రోల్-ఎన్ కొట్టండి. లేదా ఆప్షన్స్, జనరల్‌లో స్టార్ట్ స్క్రీన్ టిక్కు తీసేయండి.

మామిడితోపు: లిబ్రె ఆఫీసు (ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ఫాంటు మార్చినా తెలుగు మారలేదంటారు. కారణం, వెస్ట్రన్ ఫాంటు మార్చి ఊరుకోవడం. తెలుగు కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కిందికి వస్తుంది. ఎఫ్11 నొక్కి డీఫాల్ట్ సెల్ స్టైల్లో ఆ ఫాంటు మార్చి, సేవ్ యాజ్ టెంప్లేట్‌లో డీఫాల్ట్ టిక్కు పెట్టాలి. పాత ఫైళ్లు మారవు, కొత్తవే. ఇక పద్యం. కోనేటిగట్టు గారూ, నొక్క సరే, ఆ నకారం ఎక్కడిది? ప్రథమ కళ (చివర నకారం చేరని పదం) కదా, ద్రుతం (ఆ చివరి నకారం) ఎలా వచ్చింది?

కోనేటిగట్టు: సముచ్చయం, అంటే రెంటినీ కలిపి చెప్పడం. ఉప్పును కప్పురంబును అని. మొదటి "ను" లోపించింది, రెండోది నిలిచింది. యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ వచ్చే అక్షరంతో పొత్తు) చూడండి: ఉప్పులో ఉకారానికి ఒక్కలో ఒకారం. నకారాన్ని యతి లెక్కలోకి తీసుకోలేదు, అంటే అది పైనుంచి వచ్చిందే.

మామిడితోపు: యతి అంటున్నారు గనక, రెండో పాదంలో "చూడ"కు "జాడ" ఏ యతి?

స్వర్ణముఖి: ప్రాసయతి, అంటే యతికి బదులు రెండో అక్షరాలు కలవడం. డకారం రెండు చోట్లా ఉంది. ఆటవెలదికి చెల్లుతుంది. ఆ పాదం చెవికి అంత తీయగా తగిలేది అందుకే. పామర కవి అనేవాళ్లు వేమన్న చేతివాటం అక్కడ చూడాలి.

మామిడితోపు: ప్రాసయతి తెలిసే అడిగాను లెండి. 1829లో వేమన పద్యాలు అచ్చేయించిన బ్రౌను కూడా ఎన్నో రాతప్రతులు పక్కపక్కన పెట్టి ఏరినవాడే. కాబట్టి ఒక్క నకారంతో సంబరపడకండి. ఆ నకారం ఉన్న మొదటి పాదం చివరే "పోలికనుండు" ఉంది. పోలిక"తో" ఉండటమా, పోలిక"లో" ఉండటమా?

కోనేటిగట్టు: "లో".

మామిడితోపు: నేను "తో" అంటాను.