క్రూజ్‌లో ఫార్మల్ డిన్నర్‌కి మగవాళ్ళు ఏం వేసుకోవాలి? (నాన్న విషయంలో టెన్షన్‌గా ఉంది)

కొత్తప్రయాణం అడిగారు:

అందరికీ నమస్కారం. వచ్చే నెల నేను, నా భార్య, అమ్మ, నాన్న ఏడు రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నాం. టికెట్లతో వచ్చిన కాగితాల్లో రెండు రాత్రులు ఫార్మల్ అని రాసి ఉంది. మగవాళ్ళు టక్సీడో (బో టైతో వేసుకునే నల్ల ఫార్మల్ సూటు), లేదా డిన్నర్ జాకెట్, లేదా ముదురు రంగు సూటు, టైతో రావాలట. మిగతా ఐదు రాత్రుల గురించి నాకు బెంగ లేదు, ప్యాంటు, కాలర్ చొక్కా సరిపోతాయని అర్థమైంది.

నా దగ్గర ఒక నేవీ బ్లూ సూటు ఉంది. తొమ్మిదేళ్ళ క్రితం చెల్లెలి పెళ్ళికి కుట్టించింది. మొన్న బీరువాలోంచి తీసి వేసుకుని చూశాను. భుజాల దగ్గర బాగానే ఉంది కానీ గుండీ పెడితే పొట్ట దగ్గర లాగుతోంది. ప్యాంటు హుక్కు అయితే పడటమే లేదు. దీన్ని సరిచేయించుకోవచ్చా, లేక కొత్తగా టక్సీడోనే కుట్టించుకోవాలా?

అసలు సమస్య నాన్నది. ఆయనకి 76 ఏళ్ళు. ఎప్పుడూ టై కట్టుకోలేదు. మెడ దగ్గర ఏదైనా బిగుతుగా ఉంటే ఊపిరాడనట్టు ఉంటుందని చొక్కా పై గుండీ కూడా పెట్టుకోరు. "మీరు ముగ్గురూ వెళ్ళి భోంచేయండి, నేను గదిలో ఏదో ఒకటి తింటాను" అని ఇప్పటికే రెండుసార్లు అన్నారు. ముప్పై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పిన మనిషి, పిల్లలకి పటంలో సముద్రాలన్నీ చూపించారు. ఓడ ఎక్కడం మాత్రం ఇదే మొదలు. ఈ ప్రయాణం పెట్టుకున్నదే ఆయన కోసం. టై లేదని ఆయన్ని గుమ్మం దగ్గర ఆపేస్తారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నీలితీరం:

మేం రెండేళ్ళ క్రితం వెళ్ళాం. మా వారు టక్సీడో వేసుకున్నారు. మీరూ ఇద్దరికీ టక్సీడోలే తీసుకోండి. ఆ రాత్రి ఓడలో ఫొటోగ్రాఫర్లు మెట్ల దగ్గర నిలబెట్టి మరీ ఫొటోలు తీస్తారు, అందరూ బాగా తయారై వస్తారు. మామూలు సూటులో వెళ్తే మీకే వెలితిగా అనిపించవచ్చు. కొన్ని కంపెనీలు ఓడలో అద్దెకి కూడా ఇస్తాయి. ముందే కొలతలు పంపి బుక్ చేసుకోవాలి, ఎక్కాక అడిగితే మన సైజు దొరకదు.

పాతస్టీవార్డ్:

కొత్తప్రయాణం గారూ, నేను పదకొండేళ్ళు ఓడల్లో డైనింగ్ రూముల్లో పనిచేశాను. అందులో నాలుగేళ్ళు గుమ్మం దగ్గరే నా డ్యూటీ. నీలితీరం గారు చెప్పినట్టు ఆ రాత్రి సందడి నిజమే, కానీ టక్సీడో లేకపోతే వెలితి అన్న మాట నేను ఒప్పుకోను. మీ కాగితంలో 'లేదా' అన్న మాట రెండుసార్లు ఉంది చూడండి. ముదురు నేవీ సూటు, తెల్ల చొక్కా, టై, నల్ల బూట్లు ఉంటే మీరు నియమం పూర్తిగా పాటించినట్టే. నేను పనిచేసిన ఓడల్లో ఫార్మల్ రాత్రి కూడా సూట్లే ఎక్కువ కనిపించేవి.

కంపెనీని బట్టి పద్ధతి మారుతుంది. కునార్డ్ ఓడల్లో గాలా ఈవెనింగ్స్ అని ఇప్పటికీ గట్టిగా పాటిస్తారు, అక్కడ టక్సీడోలు ఎక్కువ. సెలబ్రిటీ అనే క్రూజ్ కంపెనీ వాళ్ళు 2015లో ఫార్మల్ నైట్ అన్న పేరే తీసేసి ఈవెనింగ్ షిక్ అని కొంచెం సడలించారు. నార్వీజియన్ అనే కంపెనీ ఓడల్లో ఫార్మల్‌గా రావాలన్న బలవంతమే లేదు. ఈ నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి వేరేవాళ్ళ పాత అనుభవం నమ్ముకోకుండా మీ కంపెనీ సైట్‌లో మీ ప్రయాణానికి ఏం రాశారో ఒకసారి చదవండి.

టక్సీడో వద్దనడానికి నాకు ఇంకో కారణం ఉంది. అది సగం సగం వేసుకుంటే బాగుండదు. కోటు ల్యాపెల్ (ఛాతీ మీద మడిచి ఉండే అంచు) మీద సిల్కు మెరుపు ఉండాలి, ప్యాంటు పక్క కుట్టు వెంట పట్టీ ఉండాలి, బెల్టు పెట్టకూడదు, నల్ల బో టై కట్టాలి. కోటు మాత్రం అద్దెకి తెచ్చుకుని కింద మామూలు ఆఫీసు ప్యాంటు, బెల్టు వేసుకుని వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళకన్నా ఒంటికి సరిపోయిన మామూలు సూటులో వచ్చినవాళ్ళే హుందాగా కనిపించేవారు.

ఇక నాన్నగారి సంగతి. ఇది నేను కొంచెం వివరంగా చెప్పాలి.

ఒక ఓడలో, పేరు అక్కర్లేదు, ఒక పెద్దాయన కోటు వేసుకుని టై లేకుండా వచ్చారు. మా సూపర్‌వైజర్ వెనక్కి పంపేశాడు. ఇంటివాళ్ళు లోపల కూర్చున్నారు, ఆయన గదికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి ఆయన గదికి ట్రే తీసుకెళ్ళింది నేనే. మంచం అంచున కూర్చుని ఉన్నారు, కోటు ఇంకా విప్పలేదు. "ఎవరి మీదా కోపం లేదు బాబూ" అన్నారు. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత నేను గుమ్మం దగ్గర ఉన్నప్పుడు రెండు టైలు, ఒక కోటు బల్ల కింద పెట్టుకునేవాణ్ణి.

కాబట్టి ఆయన్ని గదిలో వదిలేయకండి. ముందుగా ఒక పని చేయండి. నాన్నగారి మెడ చుట్టూ టేపు పెట్టి కొలవండి, తర్వాత ఆయన చొక్కా కాలర్ సైజు చూడండి. టై అంటే ఊపిరాడదు అనేవాళ్ళలో చాలామందికి ఇబ్బంది టైతో కాదు, కాలర్ చిన్నదవడంతో. పై గుండీ పెట్టాక కాలర్‌కి, మెడకి మధ్య రెండు వేళ్ళు సులువుగా దూరాలి. అలాంటి చొక్కా వేసుకుంటే టై బరువు మెడ మీద పడదు, కాలర్ మీదే ఉంటుంది. పొడుగు టై వద్దంటే, ముందే ముడి వేసి వెనక పట్టీ, హుక్కు ఉన్న బో టై దొరుకుతుంది. పట్టీ వదులు చేసుకోవచ్చు. ముదురు సూటు మీద బో టై కూడా చక్కగా ఉంటుంది.

అప్పటికీ కుదరకపోతే కంపెనీకి ముందే రాయండి, ఆయన వయసు, ఇబ్బంది చెప్పండి. జవాబు ప్రింట్ తీసుకుని, ఓడ ఎక్కిన రోజే డైనింగ్ రూము పెద్దని కలిసి చూపించండి. అడిగినవాళ్ళకి సాధారణంగా దారి చూపిస్తారు. మామూలుగా మొదటి రాత్రి ఫార్మల్ పెట్టరు, ఎందుకంటే ఆ సాయంత్రానికి కొందరి పెట్టెలు గదులకి చేరవు. మీకు కనీసం ఒక రోజు టైం ఉంటుంది. బఫేలో ఈ నియమం ఉండదు, కాబట్టి ఏదీ కుదరకపోతే నలుగురూ కలిసి అక్కడికే వెళ్ళండి. ఆయన ఒక్కరే ఒక చోట, మీరు ఒక చోట వద్దు.

నాన్నగారికి ఇది కూడా చెప్పండి. ఈ డిన్నర్ జాకెట్ అసలు సుఖం కోసం పుట్టింది. వెనక తోకలున్న పొడుగు కోటుతో ఇబ్బంది పడలేక, 1865లో ఇంగ్లండ్ యువరాజు లండన్‌లో హెన్రీ పూల్ అనే దర్జీల దగ్గర ఒక పొట్టి కోటు కుట్టించుకున్నాడు. తర్వాత ఏడవ ఎడ్వర్డ్ రాజు అయింది ఆ యువరాజే. న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్ అన్న చోట 1886లో ఆ పొట్టి కోటు వాడుకలోకి వచ్చి, ఆ ఊరి పేరే దానికి నిలిచిపోయింది. భూగోళం మేష్టారు కదా, ఊరి పేరుతో వచ్చిన బట్ట అంటే ఆయనకి నచ్చుతుంది.

కొత్తప్రయాణం:

అన్నగారూ, చదివి వెంటనే టేపు తీసుకుని వెళ్ళాను. నాన్న మెడ 16 అంగుళాలు. ఆయన చొక్కాలన్నీ 15. ఇన్నేళ్ళుగా ఒకే సైజు కొంటున్నాం, ఎవరం చూసుకోలేదు. 16½ చొక్కా ఒకటి తెస్తున్నాను. ఆ పెద్దాయన సంగతి చదివి మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

నా ప్యాంటు సంగతి ఎవరైనా చెప్పండి.

కుట్టుమెషిన్:

నేను మగవాళ్ళ బట్టలు సరిచేసే పని పందొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. ప్యాంటు వెనక మధ్య కుట్టు దగ్గర లోపలికి తిప్పి చూడండి. కుట్టించిన ప్యాంటు అయితే అక్కడ దర్జీ అదనంగా గుడ్డ వదిలి ఉంటాడు. రెండు పక్కలా కలిపి అంగుళంన్నర నుంచి రెండు అంగుళాల దాకా వదులు చేయవచ్చు. అంతకన్నా ఎక్కువ కావాలంటే కష్టం. పాత కుట్టు గీత కొంచెం కనపడవచ్చు, ఆవిరి ఇస్త్రీతో చాలావరకు పోతుంది, పైన కోటు ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

కోటుకి పక్క కుట్లలో కొంచెం గుడ్డ ఉంటుంది. ముందు గుండీని అర అంగుళం జరిపినా లాగడం తగ్గుతుంది. మీ అదృష్టం భుజాలు సరిపోవడం. భుజం బాగాలేని కోటు తెస్తే నేను తీసుకోను, అది విప్పితే కోటంతా విప్పినట్టే. ప్యాంటు మరీ కుదరకపోతే విడిగా వేరే నేవీ ప్యాంటు మాత్రం కొనకండి. ఇంట్లో లైటు కింద ఒకేలా కనిపించి, బయట వెలుతురులో రెండు రంగులుగా తేలిపోతుంది.

ఇప్పుడే ఇవ్వండి. చివరి వారంలో ఇస్తే ట్రయల్ వేసే టైం ఉండదు. ట్రయల్ వేసేటప్పుడు నిలబడి చూసుకుంటే చాలదు, కుర్చీలో కూర్చుని చూడండి. డిన్నర్ అంటే రెండు గంటలు కూర్చోవడమే కదా. కూర్చున్నప్పుడు కోటు గుండీ విప్పుకోవాలి. రెండు గుండీల కోటుకి కింది గుండీ ఎప్పుడూ పెట్టకూడదు. కోటు చేతి కింద చొక్కా కఫ్ అర అంగుళం కనిపిస్తే సరిపోయినట్టు.

చేతిసంచి:

బట్టలు తీసుకెళ్ళే విషయం చెప్తాను, నాకు దెబ్బ తగిలింది కాబట్టి. సూటు పెద్ద పెట్టెలో పెట్టాను, విమానంలో ఆ పెట్టె రాలేదు. మూడో రోజుకి దొరికింది, అప్పటికి మొదటి ఫార్మల్ రాత్రి అయిపోయింది. కోట్లు, చొక్కాలు, టైలు చేతి సంచిలోనే పెట్టుకోండి.

కోటుని తిరగేసి, ఒక భుజాన్ని రెండో భుజంలోకి దూర్చి, మధ్యలో ఒక పలచటి తువ్వాలు పెట్టి మడవండి. ఇస్త్రీపెట్టె మాత్రం తీసుకెళ్ళకండి. మంటల భయంతో చాలా ఓడల్లో ఇస్త్రీపెట్టెలు, ఆవిరితో ముడతలు తీసే స్టీమర్లు గదిలోకి రానివ్వరు, ఎక్కేటప్పుడే తీసి ఉంచుకుంటారు. కొన్ని ఓడల్లో లాండ్రీ గదిలో ఇస్త్రీ ఉంటుంది. లేకపోతే బాత్రూంలో హేంగర్‌కి తగిలించి వేడినీళ్ళ షవర్ పది నిమిషాలు వదలండి, ఉన్ని సూటు ముడతలు చాలావరకు జారిపోతాయి. నల్ల బూట్లు కొత్తవైతే ఇంట్లో వారం రోజులు తొడుక్కుని తిరగండి, ముఖ్యంగా నాన్నగారు.

కొత్తప్రయాణం:

అందరికీ ధన్యవాదాలు. ప్యాంటులో గుడ్డ ఉంది, అంగుళం ముప్పావు వస్తుందని దర్జీ అన్నాడు. గురువారం ట్రయల్, కూర్చుని చూసుకుంటాను. నాన్నకి ముదురు బూడిద రంగు సూటు రెడీమేడ్‌ది సరిపోయింది, చేతులు మాత్రం కొంచెం తగ్గించాలి.

నిన్న కొత్త చొక్కా వేసుకుని పై గుండీ పెట్టుకున్నారు. టక్సీడో పార్క్ ఎక్కడుందో అట్లాసులో వెతుకుతూ అరగంట అలాగే కూర్చున్నారు. విప్పేయండి నాన్నా అంటే "ఉండనీరా" అన్నారు. గదిలో తింటానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

అన్నగారూ, చివరిగా ఒకటి. రెండో ఫార్మల్ రాత్రికి అదే సూటు వేసుకోవచ్చా?

పాతస్టీవార్డ్:

నిక్షేపంగా వేసుకోండి. చొక్కా, టై మార్చండి, మధ్య రోజుల్లో కోటుని పెట్టెలో కుక్కకుండా హేంగర్‌కి వదిలేయండి. ఇంకో మాట, ఓడ ఎక్కిన మధ్యాహ్నమే డైనింగ్ రూముకి వెళ్ళి కిటికీ పక్క టేబుల్ అడగండి. సాయంత్రానికి అవి ఉండవు. మేష్టారిని సముద్రం కనిపించే వైపు కూర్చోబెట్టండి.