నాన్నకి పురుషాంగం మీద పుండు: క్యాన్సర్ అయ్యే అవకాశం ఎంత?

మా నాన్నగారికి అరవై దాటాయి. పురుషాంగం చివర చిన్న పుండు వచ్చి మానడం లేదు. సిగ్గుతో చాలాకాలం ఎవరికీ చెప్పలేదు, అమ్మ చూసి నాతో చెప్పింది. ఊళ్లో డాక్టర్ ఆయింట్‌మెంట్ రాశారు, తగ్గలేదు. ఇప్పుడు యూరాలజిస్ట్ బయాప్సీ (పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయించమన్నారు. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షనే.

నేను చదివినంతలో ఇది అరుదైన క్యాన్సరే. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 36 వేల కొత్త కేసులు. ఎక్కువగా యాభై దాటినవాళ్లకి వస్తుందట. ముందు చర్మం వెనక్కి రాకపోవడం, లైంగికంగా సోకే హెచ్‌పీవీ వైరస్, పొగ తాగడం దీనికి ముఖ్య కారణాలంటున్నారు. నాన్నకి చిన్నప్పటి నుంచీ చర్మం బిగుతే, పైగా చుట్ట అలవాటు. అందుకే నా భయం.

గజ్జల్లో ఒకవైపు బిళ్ళ కట్టింది. అది ఇన్ఫెక్షన్ వల్ల కూడా కావచ్చా, లేక పాకిందనే అనుకోవాలా? మొదట్లోనే దొరికితే అంగం మొత్తం తీయకుండా చికిత్స చేస్తారా? "కోసేస్తారేమో" అని ఆయన బయాప్సీకే రానంటున్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఇది దాటి వచ్చి ఉంటే, వాళ్లని ఎలా ఒప్పించారో దయచేసి చెప్పండి.