ఆదిత్య 369 సీక్వెల్‌లో కృష్ణకుమార్ మారితే రాయలవారు కూడా మారాలా?

మామిడితోట అక్క (చిత్తూరు)

ఆదిత్య 369కి సీక్వెల్ ఉంటుందని, తన కొడుకు మోక్షజ్ఞ చేస్తాడని బాలకృష్ణ గారే చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే వాదన. మా తమ్ముడేమో టైమ్ మెషిన్ ఎక్కే హీరో కృష్ణకుమార్ పాత్ర కొడుక్కే ఇచ్చేయాలంటాడు. నాకది మింగుడుపడడం లేదు.

2025 ఏప్రిల్‌లో సినిమా మళ్లీ రిలీజైనప్పుడు మా నాన్నను తీసుకెళ్లాను. సింగీతం గారు 1991లో తీసిన సినిమా, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. టైమ్ మెషిన్ 1526లో దిగినప్పుడు హాలంతా ఈలలు. రాయలవారి సభ మొదలయ్యాక మాత్రం మా నాన్న ముందుకు వంగి, రెండు చేతులూ ముందు సీటు మీద పెట్టుకుని, పక్కకు తిరక్కుండా చూశాడు. అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రాడూ బాలకృష్ణే, సింహాసనం మీదున్న రాయలవారూ బాలకృష్ణే. చూపులోనే తేడా తెలిసిపోతుంది. అదే నా టెన్షన్. ఒకే మనిషి రెండు వేషాలు కట్టిన సినిమాలో ఒకదాన్ని మారిస్తే రెండోది ఏమవుతుంది? కృష్ణకుమార్‌ని మారిస్తే రాయలవారిని కూడా మార్చాల్సిందేనా?

అలిపిరి మెట్లు (తిరుపతి)

మారిస్తే తప్పేముంది అక్కా? సైన్స్ ఫిక్షన్‌లో ఇది మొదటి నుంచీ ఉన్నదే. డాక్టర్ హూ అనే బ్రిటిష్ టీవీ సీరియల్‌లో మొదటి డాక్టర్‌గా చేసిన విలియమ్ హార్ట్‌నెల్‌కి ఒంట్లో బాగుండకపోతే, 1966లో ఆ పాత్ర ఒళ్లే మార్చుకుంటుందని కథలో పెట్టి ప్యాట్రిక్ ట్రౌటన్‌ని తెచ్చారు. ఆ ఉపాయంతోనే ఆ సీరియల్ ఇన్నేళ్లు బతికింది. స్టార్ ట్రెక్‌లో స్పాక్ అంటే లెనార్డ్ నిమాయే అనుకునేవాళ్లు. 2009లో జాకరీ క్వింటో చేశాడు, జనం ఒప్పుకున్నారు. ఎవరో ఒకరు మొదలుపెట్టకపోతే పాత్ర ఆ నటుడితోనే ఆగిపోతుంది.

గాజులమండ్యం

అన్నా, స్పాక్ సంగతి సగమే చెప్పావు. 2009 సినిమాలో నిమాయ్ కూడా ఉన్నాడు, ముసలి స్పాక్‌గా. కాలం వేరే దారి పట్టిందని కథలోనే చెప్పారు కాబట్టి పాత స్పాక్‌కి ఏమీ కాలేదు. పెద్దాయనే ఎదురుగా నిలబడి కొత్తవాడితో మాట్లాడాడు. ఆ మర్యాద ఉంది కాబట్టే జనం ఒప్పుకున్నారు.

నాకు భయమల్లా కంప్యూటర్ ముఖాలంటేనే. 1994లో చనిపోయిన పీటర్ కుషింగ్ ముఖాన్ని 2016లో ఒక స్టార్ వార్స్ సినిమాలో వేరే నటుడి మీద అతికించారు. నాకు ఒళ్లు జలదరించింది. రేపు ఇక్కడ కూడా 1991 నాటి ముఖం తెచ్చి అతికిస్తామంటే నేను టికెట్ కొనను.

అలిపిరి మెట్లు (తిరుపతి)

దానికి నేనూ ఒప్పుకోను. కానీ ఆ సినిమాలో తెనాలి రామకృష్ణుడిగా చేసిన చంద్రమోహన్ గారు లేరు కదా, 2023లో పోయారు. కథ మళ్లీ రాయలవారి కాలానికి వెళ్తే తెనాలి రామకృష్ణుడిగా ఎవరో ఒకరు చేయాల్సిందే. అది తప్పయితే ఇక ఏ కథా ముందుకు పోదు.

మామిడితోట అక్క (చిత్తూరు)

తమ్ముడూ, తెనాలి విషయంలో నీ మాటే నా మాట. ఎందుకంటే తెనాలి, రాయలు ఏ ఒక్కరి సొత్తూ కాదు. 1956లో తెనాలిగా నాగేశ్వరరావు గారు, రాయలుగా రామారావు గారు చేశారు. 1962లో మహామంత్రి తిమ్మరుసులో మళ్లీ రామారావు గారే రాయలు. బాలకృష్ణ ఆ కిరీటం పెట్టుకునేసరికే అది చేతులు మారిన కిరీటం. మనం తిరుమలలో మహాద్వారం దాటగానే చూసే రాయలవారు పొడుగు కుళ్లాయి పెట్టుకుని, ఇద్దరు దేవేరుల మధ్య దండం పెడుతూ ఉంటారు. క్యూలో తోసుకుంటూ పోయేటప్పుడు అటు తిరిగి చూసేవాళ్లు తక్కువ. ఈసారి ఆగి చూడండి. ఆ ముఖం ఏ నటుడిదీ కాదు. కాబట్టి రాయలుగా మోక్షజ్ఞ చేసినా, ఇంకొకరు చేసినా నాకు అభ్యంతరం లేదు.

కృష్ణకుమార్ అలా కాదు. ఆయన చరిత్రలో లేడు, పురాణంలో లేడు. ఆ ఒక్క సినిమాలోనే పుట్టాడు. ఆ పేరుతో ఇంకొకరు నిలబడితే మనకు తెలిసిన మనిషిని చెరిపేసినట్టే. బ్లాక్ పాంథర్ హీరో చాడ్విక్ బోస్‌మన్ 2020లో పోయాక మార్వెల్ వాళ్లు ఆయన చేసిన టిచాలా పాత్రను ఇంకెవరికీ ఇవ్వలేదు. 2022 సినిమాలో ఆ పాత్ర కూడా చనిపోయిందనే చెప్పి, చెల్లెలితో కథ నడిపారు. కోట్ల మంది చూశారు కదా? మనకైతే ఆ బాధ కూడా లేదు, బాలకృష్ణ గారు మన ముందే ఉన్నారు. ఆయన్ని వయసైన కృష్ణకుమార్‌గానే ఉంచి, మోక్షజ్ఞకి కొత్త పేరు, కొత్త పాత్ర ఇవ్వాలి. మెషిన్ ఎక్కేది కొడుకు, వెళ్లొద్దని అడ్డుపడేది తండ్రి. 2504లో భూమి పైన బతకలేక జనం నేల కింద బతకడం కళ్లారా చూసొచ్చిన మనిషి అడ్డుపడకుండా ఎలా ఉంటాడు?

గాజులమండ్యం

ఇది బాగుంది అక్కా. అలా తీస్తే మొదటి రోజు మొదటి ఆట నాదే. మరి రాయలవారికి ఎవరు?

మామిడితోట అక్క (చిత్తూరు)

కండలు, ఎత్తు నాకు ముఖ్యం కాదు. తడుముకోకుండా పద్యం చెప్పగలగాలి, డబ్బింగ్ మనిషి లేకుండా. అలాంటివాళ్లు ఎవరున్నారో పేర్లు రాయండి, మా తమ్ముడికి చూపించాలి.