యదృచ్ఛా స్వైరితా... తర్వాత ఏమిటి?

గుణుపురం ట్యూషన్ మాస్టారు:
రెండు రోజులుగా ఒక అమరకోశం ముక్క నాలుక చివర ఆడుతోంది, దిగిరావడం లేదు. "యదృచ్ఛా స్వైరితా హేతుశూన్యా త్వా..." తర్వాత? పిల్లలకు యాదృచ్ఛిక ఉత్పరివర్తనాలు, అంటే జన్యువుల్లో అనుకోకుండా వచ్చే మార్పులు చెబుతూ, యదృచ్ఛ అంటే కారణం లేనిది అన్నాను. వెనకాల కూర్చున్న అమ్మాయి లేచి "అతినీలలోహిత కిరణాల వల్ల వస్తాయని నిన్ననే చెప్పారు కదండీ" అంది.

బరంపురం పెద్దాయన:
"...త్వాస్యా విలక్షణమ్". మూడో కాండ, సంకీర్ణవర్గం. హేతుశూన్య అని అక్కడే ఉందిగా, మీరు చెప్పిందే సరి.

పర్లాకిమిడి:
పెద్దాయన గారూ, 'తు'ను మింగేశారు. త్వాస్యా అంటే తు + ఆస్యా. 'తు'తో ముగిసేది అంతకు ముందు వచ్చిన మాటకు అంటదని అమరసింహుడే మొదట్లో చెప్పుకున్నాడు: "త్వంతాథాది న పూర్వభాక్". హేతుశూన్య తర్వాత వచ్చే ఆస్యతో కలుస్తుంది. ఊరికే అలా ఉండిపోవడం, దాని పేరు విలక్షణం. యదృచ్ఛకు మిగిలింది స్వైరితే. కారణం లేదని కాదు, ఎవరి మాటా వినదని.

రాయగడ:
స్వైరిత అంటే ఇష్టం ఉన్నట్టేగా? యత్ + ఇచ్ఛ. జన్యువుకు ఇచ్ఛ ఎక్కడిది?

పర్లాకిమిడి:
అలాగైతే 'యదిచ్ఛ' అయ్యేది. 'దృ'లో ఉన్నది ఋ. ఋచ్ఛతి, పోవడం. ఎటు పోతే అటు.

రాయగడ:
సరే, ఒప్పుకున్నాను. గీతలో "యదృచ్ఛాలాభసంతుష్టః" కూడా అంతే: కోరలేదు, వచ్చింది. 1943లో శాస్త్రవేత్తలు లూరియా, డెల్‌బ్రుక్ చూపించిందీ అదే. బాక్టీరియాను వేర్వేరు గొట్టాల్లో పెంచి, పళ్లేల్లో పోసి, వాటిని చంపే వైరస్‌కు అప్పగించారు. వైరస్ తగిలాకే తట్టుకునే మార్పు పుడితే ప్రతి పళ్లెంలో ఇంచుమించు ఒకే లెక్క మిగలాలి. చాలావాటిలో సున్నా, ఎక్కడో ఒకదానిలో వందకు పైన! అవసరం రాకముందే మార్పు వచ్చి కూర్చుంది.

బరంపురం పెద్దాయన:
ఇంత తతంగం ఎందుకు, ఘుణాక్షరం అనండి. పురుగు కొయ్యను తొలిస్తే గీత అక్షరంలా పడుతుంది.

పర్లాకిమిడి:
మా ఇంట్లో నిజంగానే పడింది. మా తాతగారు జీవితాంతం 'కధ' అనే రాశారు. ఆయన నోటుపుస్తకంలో పురుగు సరిగ్గా ధ కడుపులో రంధ్రం పెట్టి 'కథ' చేసింది. మురిసిపోయి పేజీ తిప్పాను. అదే రంధ్రం కింద 'రసం'ను 'ఠసం' చేసింది. ఆ కింది పేజీలో అంచున ఖాళీలో పడింది. పురుగుకు ఆకలి ఉంది, అచ్చుతప్పులు దిద్దే పని మాత్రం లేదు.

బరంపురం పెద్దాయన:
మీ ఊరి పురుగు గిడుగువారి పార్టీ కాదన్నమాట. ఆయనైతే వాడుక అని 'కధ'నే ఉంచేవారు.

రాయగడ:
అది అన్యాయం. ముఖలింగం శాసనాలు చదవడానికి పాత లిపులు సొంతంగా నేర్చుకున్న మనిషి ఆయన. సవరల మాటకు నిఘంటువు కట్టినవాడికి ఒక్క చుక్క విలువ తెలియదా? వాడుక వేరు, పొరపాటు వేరు.

బరంపురం పెద్దాయన:
నూరు మంది పొరపాటు చేస్తే? పది తరాలు చేస్తే?

గుణుపురం ట్యూషన్ మాస్టారు:
అయ్యా, పిల్లలు రేపు ఆరింటికి వస్తారు. ఏమని చెప్పను?

బరంపురం పెద్దాయన:
తొందరపడకండి. ముందు 'ఆస్యా'నో 'ఆస్థా'నో తేలాలి. పైన అలవాటుగా అనేశాను గాని, ఇప్పుడు తీసి చూస్తే మా ప్రతిలో 'ఆస్థా' అని ఉంది.

పర్లాకిమిడి:
ఆ పేజీని ఒకసారి దీపానికి ఎత్తి పట్టి చూడండి.